ధ్వని లేని రచన

కావ్యానికి ఆత్మ ధ్వని అని ఆనందవర్ధనుడు తేల్చాక వెయ్యేళ్లకు పైగా మనం ఆ దారినే నడుస్తున్నాం. మాట పైకి ఒకటి చెప్పి లోపల మరొకటి మోగించాలి. ఆ మోత ఎంత దూరం వినిపిస్తే కవి అంత గొప్పవాడు. ఇదే కొలబద్ద పట్టుకుని బిజినెస్ అనలిస్ట్ రాసే రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ దగ్గరికి వెళ్తే, పాపం, అది మొదటి పేజీలోనే ఓడిపోతుంది. అక్కడ ఒక మాటకు రెండో అర్థం తోచిందంటే అది లోపం. టెస్టర్ దాన్ని డిఫెక్ట్ కింద నమోదు చేస్తాడు. ధ్వనిని ఇంత పట్టుబట్టి గడప దాటించే రచన అరుదు. అయినా ఆ రచనలో రసం ఉందనీ, అది కరుణ అనీ నా వాదన.

మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల్లోనూ, మనవాళ్లు పనిచేసే అమెరికా బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లోనూ ఈ గద్యం రోజూ పుడుతోంది. దీన్ని ఎలా రాయాలో నేర్పే కోచింగ్ సెంటర్లు అమీర్‌పేటలో ఉన్నాయి. ఎలా చదివి ఆనందించాలో చెప్పేవాళ్లే కనపడరు. కావలసింది అడిగేవాళ్లు ఒక ఒడ్డున, కట్టి ఇచ్చేవాళ్లు మరో ఒడ్డున ఉంటారు. నడుమ నిలబడి అనలిస్ట్ రాస్తాడు. వ్యాపారానికి ఏం కావాలో చెప్పేది బీఆర్‌డీ. అందుకు సిస్టమ్ ఏం చేయాలో చెప్పేది ఎఫ్‌ఆర్‌ఎస్. మనిషికీ సిస్టమ్‌కీ మధ్య నడిచే వ్యవహారాన్ని మెట్లు మెట్లుగా చెప్పేది యూజ్ కేస్. వీటికి తోడు డేటా డిక్షనరీ, ట్రేసబిలిటీ మ్యాట్రిక్స్. క్లయింటు, డెవలపర్, టెస్టర్, ఆడిటర్ నలుగురూ నాలుగు అవసరాలతో వచ్చి ఒకే వాక్యం చదువుతారు. నలుగురికీ ఒకే అర్థం అందాలి. కావ్యానికి సహృదయుడు ఎలాంటివాడో ఈ రచనకు టెస్టర్ అలాంటివాడు. అతను కవి మీద ప్రేమతో చదవడు, ప్రతి పదాన్నీ అనుమానంతో చదువుతాడు. ఆ అనుమానం ముందు నిలిచిన వాక్యానికి ఒక అందం వస్తుంది.

ముందు వాక్యం సంగతి చూద్దాం. “సిస్టమ్ వేగంగా స్పందించాలి.” వినడానికి ఏ లోటూ లేదు. మీటింగులో అందరూ తలలూపుతారు. ఒక్కొక్కరి తలలో ఒక్కో వేగం ఉంటుంది కాబట్టే అందరూ ఒప్పుకున్నారు. ఇప్పుడు ఏటీఎం గురించి అనుభవజ్ఞుడు రాసే వాక్యం చూడండి. “నగదు మొత్తాన్ని ఖాతాదారు ఖాయం చేసిన క్షణం నుంచి, ప్రతి 100 లావాదేవీల్లో కనీసం 95 సార్లు, 3 సెకన్లలోగా ఆమోదమో తిరస్కారమో తెరమీద కనిపించాలి.” గడియారం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో ఇందులో ఉంది. మిగిలిన 5 సార్లు ఆలస్యం కావచ్చునన్న నిజాయతీ ఉంది. అన్నిటికన్నా నన్ను పట్టి నిలిపింది “తిరస్కారమో” అన్న మాట. కాదన్నా సరే త్వరగా కాదనాలట. నిరీక్షణలో పెట్టి బాధించొద్దట. అంత మర్యాద ఒక విశేషణమైనా లేకుండా వాక్యంలో ఇమిడిపోయింది.

ఈ శిల్పానికి లక్షణ గ్రంథాలు లేకపోలేదు. సుజాన్, జేమ్స్ రాబర్ట్‌సన్‌లు తమ వొలేరే పద్ధతిలో ప్రతి అవసరానికీ ‘ఫిట్ క్రైటీరియన్’ అని ఒక గడి పెట్టారు. అవసరం తీరిందని ఏ కొలతతో తేలుస్తారో అక్కడ రాయాలి. ‘రేషనేల్’ అని ఇంకో గడి. ఈ అవసరం అసలు ఎందుకో అక్కడ చెప్పాలి. అడిగినదానికి కారణం, తీరినదానికి రుజువు రెండూ పక్కపక్కనే ఉంటాయి. 1998 నాటి ఐఈఈఈ 830 ప్రమాణం మంచి స్పెసిఫికేషన్‌కు ఎనిమిది గుణాలు చెప్పింది. అది సరైనదై ఉండాలి, అసందిగ్ధంగా ఉండాలి, సంపూర్ణంగా ఉండాలి, తనతో తాను విభేదించకూడదు, ఏది ముఖ్యమో ఏది కాదో తెలియాలి, పరీక్షకు నిలవాలి, మార్పుకు వీలివ్వాలి, మూలం వెతికితే దొరకాలి. 2011లో ఆ స్థానంలోకి 29148 అనే కొత్త ప్రమాణం వచ్చింది. ఈ జాబితా చదువుతుంటే మమ్మటుడు కావ్యప్రకాశంలో పేర్చిన దోషాలు గుర్తొస్తాయి. సందిగ్ధం, న్యూనపదం, అధికపదం, దుష్క్రమం. కశ్మీర పండితుడు పద్యంలో వద్దన్నవాటినే ఇంజినీర్లు స్పెసిఫికేషన్‌లో వద్దన్నారు. కవి చేయి తిరిగినవాడైతే ఒక దోషాన్ని గుణంగా మార్చి తప్పించుకోగలడు. అనలిస్ట్‌కు ఆ వెసులుబాటు లేదు.

మాట బరువు తూచడంలోనూ ఈ రచనకు తనదైన నేర్పు ఉంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ల కోసం స్కాట్ బ్రాడ్‌నర్ 1997 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే చిన్న పత్రం రాశాడు. రెండు మూడు పేజీలు, అంతే. ‘మస్ట్’ అంటే తప్పించుకునే దారి లేదు. ‘షుడ్’ అంటే సరైన కారణం ఉంటే తప్పించుకోవచ్చు, కానీ పర్యవసానాలన్నీ తూచి చూసుకున్నాకే. ‘మే’ అంటే పూర్తిగా మీ ఇష్టం. మన ఊళ్లో పెద్దమనిషి “చేస్తే బాగుంటుంది” అన్నప్పుడు అది ఆజ్ఞో సలహానో తేల్చుకోలేక సతమతమవుతాం. ఆ సందిగ్ధాన్ని బ్రాడ్‌నర్ మూడు మాటల్లో కోసి విడదీశాడు. మంచి బీఆర్‌డీ చదివేటప్పుడు ఈ మూడింటి నడుమ కలం ఎక్కడ బిగిసిందో, ఎక్కడ సడలిందో గమనిస్తూ పోవడంలో, రాగంలో స్వరస్థానాలు గుర్తుపట్టే ఆనందం ఉంది.

విమాన ఇంజన్ల నియంత్రణ వ్యవస్థలకు అవసరాలు రాస్తూ రోల్స్ రాయిస్‌లో అలిస్టర్ మావిన్, ఆయన సహచరులు వాక్యానికి ఛందస్సే కట్టారు. 2009లో వెలువడిన ఆ పద్ధతి పేరు ఇయర్స్. ఏ స్థితి ఉండగా, ఏది జరిగినప్పుడు, ఏ వ్యవస్థ, ఏం చేయాలి అన్నవి ఈ వరసలోనే రావాలి. వరస తప్పితే యతి తప్పినట్టే. “నగదు పెట్టె ఖాళీగా ఉండగా, ఖాతాదారు కార్డు పెడితే, ఏటీఎం పిన్ అడగకముందే ఆ సంగతి తెరమీద చెప్పాలి.” షరతు ముందూ క్రియ చివరా నిలవడం తెలుగు వాక్యానికి పుట్టుకతో వచ్చిన నడక. అందుకే ఈ ఛందస్సు మన నోట్లో ఎంతో సహజంగా పలుకుతుంది.

వాక్యం దాటి కథనానికి వస్తే యూజ్ కేస్ ఉంది. స్వీడన్‌కు చెందిన ఈవార్ జాకబ్‌సన్ దీనికి రూపం ఇచ్చాడు. 1992లో వచ్చిన ఆయన పుస్తకంతో అది లోకమంతా పాకింది. తర్వాత అలిస్టర్ కోబర్న్ దాన్ని ఎలా రాయాలో ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. యూజ్ కేస్‌లో ముందు అంతా సవ్యంగా జరిగే దారి ఉంటుంది. ఏటీఎం సంగతే తీసుకుంటే, ఖాతాదారు కార్డు పెడతాడు, పిన్ నొక్కుతాడు, మొత్తం చెబుతాడు, బ్యాంకు ఆమోదిస్తుంది, నగదు వస్తుంది, రశీదు వస్తుంది. ఆరు మెట్లలో అయిపోయింది. ఇందులో కథ లేదు, రసం లేదు. రాముడు పట్టాభిషిక్తుడై హాయిగా అయోధ్యను ఏలుకున్నాడని బాలకాండ తర్వాత రామాయణం ముగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

అసలు రచన ఆ కింద మొదలవుతుంది. అక్కడ ప్రతి మెట్టు దగ్గరా అనలిస్ట్ ఆగి, ఇక్కడ ఏం తప్పిపోవచ్చు అని అడుగుతాడు. రెండో మెట్టు దగ్గర పిన్ తప్పయితే అది 2ఎ. మూడుసార్లూ తప్పయితే 2బి. నాలుగో మెట్టు దగ్గర ఖాతాలో అంత డబ్బు లేకపోతే 4ఎ. ఈ ఎక్సెప్షన్లు చదువుకుంటూ ఐదో మెట్టుకు వస్తే ఒక వాక్యం ఎదురవుతుంది. “5ఎ. ఖాతాలో డబ్బు తగ్గింది, నగదు బయటికి రాలేదు.”

రెండు చిన్న వాక్యాలు, నడుమ ఒక కామా. ‘కానీ’ అని కూడా లేదు. ఏటీఎం ముందు ఒక్కసారైనా ఇలా నిలబడినవాడికి ఆ కామా దగ్గర గుండె ఎలా జారుతుందో తెలుసు. ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, యంత్రం మూగగా ఉంది, వెనక వరసలో జనం గొణుగుతున్నారు. అనలిస్ట్ ఆ మనిషిని చూడలేదు. అతని పేరు తెలియదు, అవసరం తెలియదు. ఆసుపత్రిలో కట్టాల్సిన డబ్బో, పిల్ల కాలేజీ ఫీజో తెలియదు. డాక్యుమెంట్ అతన్ని ‘ఖాతాదారు’ అని మాత్రమే పిలుస్తుంది. అయినా యంత్రం పుట్టకముందే ఒక గదిలో కూర్చుని, ఆ క్షణాన్ని ముందుగా ఊహించి, ఇతన్ని ఇక్కడ వదిలేయకూడదు అని రాసిపెట్టింది ఆ అనలిస్టే.

ఆ తర్వాతి వాక్యాలకు ఆధారం రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్. ఏటీఎంలో నగదు రాకుండా ఖాతాలో డబ్బు తగ్గితే టీ ప్లస్ 5 రోజుల్లోగా బ్యాంకు తనంతట తానే తిరిగి వేయాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. యూపీఐలో ఒకరి ఖాతాలో తగ్గి మరొకరికి చేరకపోతే గడువు టీ ప్లస్ 1. పరిహారం కోసం ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా ఆగకూడదు. ‘టీ’ అంటే లావాదేవీ జరిగిన రోజు, అదీ క్యాలెండర్ తేదీ. ఈ ఒక్క నిర్వచనంతో ఆదివారాలు, పండగలు, బ్యాంకు సెలవులు అన్నీ సాకుల జాబితాలోంచి ఎగిరిపోయాయి. సంక్రాంతికి నాలుగు రోజులు మూతపడ్డా లెక్క నడుస్తూనే ఉంటుంది. గొప్ప పద్యంలో ఒక్క పదం వల్ల భావం మొత్తం మలుపు తిరుగుతుందని రసికులు చెబుతారే, ఇక్కడ ‘క్యాలెండర్’ అలాంటి పదం.

దాన్ని అందుకుని అనలిస్ట్ ఇంకా లోపలికి వెళ్తాడు. రాత్రి 11 గంటల 59 నిమిషాలకు కార్డు పెట్టి, తిరస్కారం 12 దాటాక వస్తే ‘టీ’ ఏ తేదీ? అడిగింది 5,000, వచ్చింది 3,000 అయితే? నోట్లు బయటికి వచ్చాయి గానీ ఎవరూ తీసుకోకపోతే? అన్నిటికన్నా లోతైన ప్రశ్న ఒకటుంది. నగదు ఇచ్చానో లేదో యంత్రమే చెప్పలేకపోతే? సాధారణంగా రాసేవాడు రెండే స్థితులు చూస్తాడు, ఇచ్చింది, ఇవ్వలేదు. చేయి తిరిగినవాడు మూడోది కూడా రాస్తాడు, ‘తెలియదు’. తెలియనితనానికి ఒక వరస, ఒక గడువు, ఒక బాధ్యుడు కేటాయించడం మన తత్వశాస్త్రాలకు కూడా అంత తేలిగ్గా లొంగని పని.

ఇవన్నీ డెసిషన్ టేబుల్‌లోకి ఎక్కినప్పుడు ఇంకో అందం బయటపడుతుంది. నగదు వచ్చిందా? ఖాతాలో తగ్గిందా? తగ్గినది వెనక్కి పడిందా? మూడు ప్రశ్నలు, ‘తెలియదు’ను కాసేపు పక్కన పెడితే ఒక్కోదానికి రెండు జవాబులు, మొత్తం ఎనిమిది నిలువు వరసలు. ఏడు రాసి ఎనిమిదోది వదిలేస్తే ఆ ఖాళీ కంటికి కొడుతుంది. నగదు వచ్చింది, ఖాతాలో మాత్రం తగ్గలేదు అనే వరస కూడా వీటిలో ఉంది. ఖాతాదారుకు లాభం, బ్యాంకుకు నష్టం. దాన్నీ అదే గొంతుతో, అదే వివరంతో రాయాలి. కరుణ ఒకరి పక్షం వహించదని ఈ పట్టిక చెప్పినంత స్పష్టంగా నేను వేరేచోట చదవలేదు.

డేటా డిక్షనరీ ఇంకో లోకం. అందులో ప్రతి అంశానికీ పేరు, పొడవు, రకం, అనుమతించే విలువలు ఉంటాయి. విసుగు పుట్టించే పేజీలని చాలామంది తిప్పేస్తారు. ఆగి చదివితే ఆశ్చర్యాలు ఎదురవుతాయి. బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో 11 స్థానాలు. మొదటి నాలుగు బ్యాంకుకు, చివరి ఆరు శాఖకు. నడుమ ఐదో స్థానంలో సున్నా ఉంటుంది. భవిష్యత్తు అవసరాలకని ఆ స్థానాన్ని అట్టిపెట్టారు. మనం డబ్బు పంపేటప్పుడల్లా, రాబోయే కాలానికి ఖాళీగా ఉంచిన ఆ కుర్చీ మీదుగానే పంపుతున్నాం. జీఎస్‌టీ నంబరులో 15 స్థానాలు. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37 అని రాష్ట్రంతో మొదలై, నడుమ వ్యాపారి పాన్ నంబరును పూర్తిగా ఇముడ్చుకుని, చివర తప్పు పట్టే అంకెతోనో అక్షరంతోనో ముగుస్తుంది. తనలో పొరపాటు ఉంటే తానే పట్టిచ్చే రచన అది. 1972 ఆగస్టు 15న మొదలైన ఆరంకెల పిన్‌కోడ్ పథకం వెనక ఉన్న శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కావడం నాకు కాకతాళీయంగా తోచదు. అక్షరాన్ని లెక్కపెట్టి వాడే అలవాటు ఆ రెండు పనులకూ అవసరమే.

ఈ పేజీలను తిప్పేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒక పెద్ద ఉదాహరణ చాలు. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర అంతరించిపోయింది. భూమి మీది సాఫ్ట్‌వేర్ ఒకటి ఇంజన్ తోపును పౌండ్-ఫోర్స్ సెకన్లలో లెక్కగట్టి ఇచ్చింది. అందుకున్నవాళ్లు న్యూటన్ సెకన్లనుకున్నారు. తేడా నాలుగున్నర రెట్లకు దగ్గర. విషాదం ఏమిటంటే, ఏ కొలమానం వాడాలో ఇంటర్‌ఫేస్ స్పెసిఫికేషన్ సరిగ్గానే చెప్పింది. సాఫ్ట్‌వేర్ దాన్ని పాటించలేదు. డాక్యుమెంట్ తన ధర్మం నెరవేర్చింది. దాని మాట చెల్లలేదు.

చెప్పిన మాట చివరిదాకా చెల్లిందో లేదో చూసేది ట్రేసబిలిటీ మ్యాట్రిక్స్. వ్యాపారం అడిగిన ఒక్కో అవసరం నుంచి సిస్టమ్ చేసే పనికి, అక్కడినుంచి టెస్ట్ కేసుకు గీత గీస్తుంది. అడగనిది కట్టినా పట్టుబడుతుంది, అడిగినది మరిచినా పట్టుబడుతుంది. ఇది పాశ్చాత్యులు కనిపెట్టిన కొత్త విద్య అనుకుంటే కౌటిల్యుడి దగ్గరికి వెళ్లాలి. అర్థశాస్త్రం చివరిదైన పదిహేనో అధికరణంలో ఆయన శాస్త్ర రచనకు 32 తంత్రయుక్తులు చెప్పాడు. తాను ప్రత్యేకార్థంలో వాడే మాటను నిర్వచించుకోవడం స్వసంజ్ఞ. మన గ్లాసరీ అదే. ఎక్కడా మినహాయింపు లేని నియమం ఏకాంతం. సాధారణ నియమంలోంచి కొన్ని సందర్భాలను తప్పించడం అపవర్గం. ముందు చెప్పినదాన్ని చూపించడం అతిక్రాంతావేక్షణ, మునుముందు చెప్పబోయేదాన్ని చూపించడం అనాగతావేక్షణ. ఇదో అదో అంటే వికల్పం, ఇదీ అదీ అంటే సముచ్చయం. రాజ్యం నడిపే పత్రం రాసినవాడికి ‘లేదా’కూ ‘మరియు’కూ ఉన్న తేడా ఎంత ఖరీదైనదో తెలుసు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని స్నోబర్డ్‌లో 17 మంది కూడి అజైల్ ప్రకటన చేశాక ఈ సాహిత్యం రూపం మారింది. దండిగా రాసిన పత్రాలకన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు విలువ ఎక్కువ అన్నారు. ప్రబంధం పోయి చాటువు వచ్చింది. ఎవరు, ఏం కోరుతున్నారు, దేనికోసం అని చిన్న కార్డు మీద పట్టే యూజర్ స్టోరీ రాజ్యానికొచ్చింది. రాన్ జెఫ్రీస్ అదే ఏడాది చెప్పినట్టు, కార్డు ఒక్కటే చాలదు, దాని చుట్టూ సంభాషణ ఉండాలి, చివర నిర్ధారణ ఉండాలి. ఆ నిర్ధారణను సన్నివేశాలుగా రాసే గర్కిన్ అనే పద్ధతికి తెలుగు కూడా వచ్చు. నేపథ్యం, సన్నివేశం, ఉదాహరణలు, అప్పుడు, కాని అన్న మన మాటలతోనే రాస్తే యంత్రం చదివి పరీక్ష నడుపుతుంది. నాటక రచయిత వాడే సామగ్రితో కంప్యూటర్‌కు పరీక్ష పెట్టొచ్చని తెలుగు పాఠకులకు ఎవరైనా చెప్పారో లేదో. రూపం చిన్నదైనా పాత ప్రశ్న పోలేదు. కార్డు మీద సవ్యమైన దారి ఒక్కటే రాసి, తప్పిపోయే దారులు వదిలేస్తే, అది చాటువు కాదు, సగం చెప్పి ఆపిన మాట.

రసం ఉన్నచోట రసాభాసం కూడా ఉంటుంది. పాత ప్రాజెక్టు నుంచి ఎత్తిపోసిన పేరాలు, ‘యూజర్ ఫ్రెండ్లీ’ అనే పనికిరాని పొగడ్త, “ఇప్పుడున్న సిస్టమ్‌లో ఉన్నట్టే” అనే తప్పించుకోలు, ‘తర్వాత నిర్ణయిస్తాం’ అని పెట్టి మరిచిన గడులు. వీటన్నిటిలోకీ ఘోరమైన పదం ‘మొదలైనవి’. కవిత్వంలో ఆ మాట ఊహకు తలుపు తెరుస్తుంది. ఇక్కడ అది రాసినవాడు ఆలోచించడం మానేసిన చోటును చూపిస్తుంది. క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణం అన్నాడు. 200 పేజీలు నింపి నాలుగు ఎక్సెప్షన్లు రాయని డాక్యుమెంట్‌లో ఆ ప్రాణం లేదు. మంచి డాక్యుమెంట్ తన ఔచిత్యాన్ని ‘అవుట్ ఆఫ్ స్కోప్’ అనే చిన్న భాగంలో కూడా చూపిస్తుంది. ఏం చేయబోమో ముందే మర్యాదగా చెప్పేస్తుంది. ఆశ పెట్టి తర్వాత మొండిచేయి చూపడం కన్నా అది మేలు.

ఇంత చేసి ఆ రచయితకు దక్కేది వెర్షన్ హిస్టరీ పట్టికలో ఒక అడ్డ వరస. తేదీ, పేరు, ఏం మారింది, అంతే. అవార్డులు లేవు, పునర్ముద్రణలు లేవు. అతను సరిగ్గా రాసినందువల్ల ఎవరికీ ఏమీ జరగలేదు. ఆ ఏమీ జరగకపోవడమే అతని రచనకు ఫలశ్రుతి.

కాబట్టి ఉద్యోగరీత్యా ఈ డాక్యుమెంట్లు చేతికొచ్చేవాళ్లకు నాదొక విన్నపం. సైన్ ఆఫ్ కోసం వచ్చినదాన్ని మొదటి పేజీ నుంచి చదవకండి. నేరుగా ఎక్సెప్షన్ల దగ్గరికి వెళ్లండి. అక్కడ తప్పిపోయిన మనిషికి ప్రతిచోటా ఒక దారి కనిపిస్తే నమ్మకంగా సంతకం చేయండి. ఆ పేజీలు పలచగా ఉంటే, సవ్యమైన దారి ఎంత అందంగా ఉన్నా సరే, వెనక్కి పంపండి.